పదకొండు డిష్‌లకు టోపీలు

వేణుమాధవ్ నుదురు బొప్పి కట్టిన రోజునే డాబా తలుపుకి తాళం వెయ్యాలన్న మాట పుట్టింది. నిజానికి ఆ బిల్డింగులో బొప్పి కట్టని నుదురంటూ లేదు. నీళ్ళ టాంకు కడిగేవాడి దగ్గర్నుంచి, పెళ్ళిచూపులకొచ్చి కాస్త గాలి పీల్చుకుందామని పైకెళ్ళిన పెళ్ళికొడుకు దాకా అందరూ తల రుద్దుకుంటూ మెట్లు దిగినవాళ్ళే. కానీ అవన్నీ మామూలు నుదుళ్ళు. ఇది అసోసియేషన్ సెక్రటరీ నుదురు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వెనక వీధిలో ఉన్న ఆ మూడంతస్తుల బిల్డింగులో పన్నెండు ఇళ్ళు. మొన్ననే అద్దెకు దిగినవాళ్ళని వదిలేస్తే ఇంటికొకటి చొప్పున డాబా మీద పదకొండు డిష్ యాంటెనాలు. పిట్టగోడ పొడవునా, బట్టలారేసే తీగల మధ్యనా, ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ బిగించుకున్నారు. అన్నీ ఆగ్నేయానికే మొహం పెట్టి, పాస్టరుగారు రాకముందే లేచి నిలబడ్డ సంఘంలా ఉంటాయి. ఒక్కో గిన్నె ముందుకీ ఒక ఇనపకడ్డీ పొడుచుకొస్తుంది. కడ్డీ చివర పిడికిలంత పెట్టె. గిన్నెలో పడ్డ సిగ్నల్‌ని పోగుచేసి కింద టీవీకి పంపేది ఆ పెట్టే. తడి దుప్పటి రెండు చేతులతో పైకెత్తిన మనిషికి ఎదర ఏముందో కనపడదు కదా. సరిగ్గా అక్కడే, సరిగ్గా నుదుటి ఎత్తున, ఆ పెట్టె కాచుకుని ఉంటుంది.

ఆ ఆదివారం వేణుమాధవ్ దుప్పటేమీ ఆరెయ్యలేదు. ఫోన్లో ఎవరినో గట్టిగా మందలిస్తూ అటూ ఇటూ నడుస్తున్నాడు. మందలింపు మధ్యలో ఆగిపోయింది. సరిగ్గా కనుబొమల మధ్య, కొలిచి దిద్దిన బొట్టులా ఎర్రగా లేచింది బొప్పి.

సోమవారం పొద్దున మెట్ల దగ్గర గోడకి కాగితం అంటించాడు. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి పార్కింగులో మీటింగు. విషయం: డాబాకి తాళం. తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది. అవసరమైనవారు కారణం చెప్పి తీసుకోవలెను.

రెండో అంతస్తులో ఉండే యెషయా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. 'కారణం చెప్పి' అన్న చోట ఆగిపోయాడు. సాయంత్రం అయిదింటికి తాను డాబా మీదికి ఎందుకు వెళ్తాడో సెక్రటరీకి ఏమని చెప్పాలి?

అతని భార్య ప్రేమమణి పోయి రెండేళ్ళయింది. ఆమె పోయిన కొత్తలో యెషయా గొంతు వాడకం లేక బిగుసుకుపోయింది. ఒకరోజు ఫోను మోగితే 'హలో' అనబోయాడు, నూనె వెయ్యని తలుపు చప్పుడులాంటిది వచ్చింది. ఆ వారమే తన చొక్కాలు తానే ఉతుక్కుని పైన ఆరేస్తుంటే వెనకనుంచి ఒక కేక.

"ఏం తమ్మీ, గట్ల పిండకుండ ఏసినవ్, ఎల్లుండికి సుత ఆరయి గవి!"

వేణుమాధవ్ వాళ్ళమ్మ విజయమ్మ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చల్ల మిరపకాయలకి కాపలా కాస్తోంది. యెషయా చొక్కాలన్నీ తీసి మళ్ళీ పిండాడు. తనను ఎవరైనా మందలించి ఆరు వారాలయిందని అప్పుడు గుర్తొచ్చింది. మందలింపు అంత చల్లగా తగులుతుందని అతనికి అంతకుముందు తెలియదు.

అప్పట్నించీ రోజూ అయిదింటికి ఆమె ఒక కుర్చీలో, అతను నీళ్ళ టాంకు గట్టు మీద. ఆమె తిట్టేది కొడుకుని, వంకాయల్ని, ఎండని. మధ్యమధ్యలో యెషయాని. ఏడింటికి ఆమె సీరియల్ టైము కాగానే ఇద్దరూ దిగిపోయేవారు. అంతే. ఆ రెండు గంటలూ చేతిలో ఉంటే మిగతా ఇరవై రెండు గంటలూ ఎలాగో నెట్టుకురావచ్చు. తాళం పడితే విజయమ్మ తాళంచెవి కోసం కొడుకుని బతిమాలుకుంటూ మెట్లెక్కే మనిషి కాదు. ఇక పనేమీ లేకుండా ఒకరింటి తలుపు తట్టి వెళ్ళి కూర్చోవడం యెషయాకి జన్మలో చేతకాదు. డాబా మీదయితే ఎవరూ ఎవరింటికీ వచ్చినట్టు కాదు.

కాబట్టి డిష్‌లు నుదుళ్ళని పొడవకుండా చెయ్యాలి. ఆదివారంలోపు.

యెషయా ముప్పై నాలుగేళ్ళు వర్క్‌షాపులో రైలుపెట్టెల సీట్లూ బెర్తులూ కుట్టినవాడు. మెత్త కింద ఏం వెయ్యాలి, పైన ఏం తొడగాలి, దారం ఎక్కడ తెగుతుంది అన్నవి అతని వేళ్ళకే తెలుసు. అతని లెక్కలో ప్రపంచంలో ఏ వస్తువుకైనా శత్రువులు మూడే: ఎండ, వాన, రాపిడి. మూడింటినీ తట్టుకునే తొడుగు మనసులోనే కత్తిరించుకుని రాణీగంజ్ బజారుకి వెళ్ళాడు. పైన వెయ్యడానికి నీలం రెక్సిన్, లోపలికి రెండువేళ్ళ మందం స్పాంజి, రెండింటి మధ్యా రేకుల షెడ్ల కింద వేడి దిగకుండా పరిచే వెండిరంగు షీటు తెచ్చుకున్నాడు. అల్యూమినియం పూత దట్టంగా ఉన్న మేలురకం షీటు. మామూలుది చాలు కదా అన్నాడు కొట్టువాడు. యెషయా ఒప్పుకోలేదు.

మంగళవారం చీకటి పడకముందే పదకొండు తొడుగులూ తయారయ్యాయి. ఒక్కోటీ పసిబిడ్డ కుల్లాయిలా కుదిరింది. కింద బిగించి కట్టడానికి నాడా. లోపలివైపు మార్కర్‌తో ఇంటి నెంబరు, తొడిగిన తేదీ, మళ్ళీ విప్పి చూడాల్సిన తేదీ. మరమ్మతయిన రైలుపెట్టె మీద తేదీ రాయకుండా వర్క్‌షాపు గేటు దాటనివ్వరు మరి.

అతను ఒక్కో కడ్డీ చివరి పెట్టెకీ తొడుగు తొడుగుతుంటే విజయమ్మ కుర్చీలోంచి కదలకుండా చూసింది.

"ఏందీ తమ్మీ, డిష్‌లకు టోపీలు పెడ్తున్నవ్? చలి పెడ్తున్నదా వాటికి?"

"మీ అబ్బాయి నుదురు కోసం అక్కా. ఇక ఎవరికి తగిలినా దిండు తగిలినట్టే."

"గట్లయితే వాని తలకే ఒక టోపీ కుట్టియ్యరాదు? పదకొండు కుట్టే తక్లీఫ్ తప్పుతుండె."

యెషయా నవ్వి, ఆఖరి నాడా బిగించాడు. తన నుదుటితోనే నెమ్మదిగా ఒక తొడుగుని గుద్ది చూశాడు. మెత్తగా ఉంది. రెండోసారి కూడా గుద్ది చూశాడు.

"సాలు తియ్, సంబురం," అంది విజయమ్మ.

బుధవారం సాయంత్రం ఆమె మొహం మాడ్చుకుని వచ్చింది. టీవీ రావట్లేదు. నిన్న ఏడింటికి పెడితే నీలం తెర మీద 'సిగ్నల్ లేదు' అని రాసి వచ్చిందట, ఇప్పటిదాకా అదే.

"మావోడు రీచార్జ్ చేసుడు మర్చిపోయిండు. వాని దునియ అంత ఫోన్లనే ఉండె. నా టీవీ వానికెందుకు యాదికుంటది?"

"ఒకసారి స్విచ్చి ఆపి వెయ్యమనండక్కా," అన్నాడు యెషయా, నిజంగానే బాధపడుతూ.

గురువారం నాటికి వేణుమాధవ్ రీచార్జ్ చేసి ఉన్నాడని తేలింది. అయినా తిట్లు తప్పలేదు, వైరు పీకాడన్న పేరు వచ్చింది. యెషయా మబ్బుల వల్ల కావచ్చన్నాడు. శుక్రవారం ఆమె ఆకాశం కేసి చెయ్యి చూపించి, "యాడున్నయ్ నీ మబ్బులు? ఒక్కటన్న సూపెట్టు," అని నిలదీసింది. యెషయా పాపం నిజాయితీగా నాలుగు దిక్కులూ వెతికాడు.

శనివారం ఆమె వచ్చి కూర్చుని చాలాసేపు ఏమీ తిట్టలేదు. దాంతో అతనికి కొంచెం భయం వేసింది.

"తమ్మీ, నా టీవీ ఎప్పటిసంది బందయింది?"

"మంగళవారం సాయంత్రం అన్నారు కదక్కా."

"నువ్వు టోపీలు పెట్టింది ఎప్పుడు?"

యెషయా లేచి వెళ్ళి విజయమ్మ వాళ్ళ డిష్ తొడుగు నాడా విప్పాడు. లోపల అతని ముద్దుముద్దు అక్షరాల్లోనే తేదీ, మంగళవారం. సందేహానికి తావు లేకుండా వారం పేరు కూడా రాశాడు మహానుభావుడు.

విజయమ్మ ఆపసోపాలు పడుతూ కిందికి దిగి తన ఇంట్లోకి వెళ్ళింది. వాళ్ళ బాల్కనీ డాబాకి సరిగ్గా కిందే. యెషయా పిట్టగోడ మీంచి వంగి అరిచాడు.

"వచ్చిందా అక్కా?"

"ఆగు, పెట్టనియ్... వచ్చింది! మస్తుగొస్తున్నది!"

అతను తొడుగు మళ్ళీ పెట్టాడు. "ఇప్పుడు?"

"అయ్యో, పోయింది! ఏం జేసినవ్?"

తీశాడు. "ఇప్పుడో?"

"వచ్చింది! ఇగ ముట్టకు!"

యెషయా తొడుగు చేత్తో పట్టుకుని టాంకు గట్టు మీద కూలబడ్డాడు. ఎండ, వాన, రాపిడి అనుకున్నాడు. టీవీ బొమ్మ కూడా ఆకాశంలోంచే దిగి రావాలని, మేలురకం వెండి షీటు ముందు అది ఆగిపోతుందని అతనికి తట్టనే లేదు. ముప్పై నాలుగేళ్ళలో అతను కుట్టిన ఒక్క బెర్తూ తిరిగి రాలేదు. ఇప్పుడు మొత్తం పదకొండూ తిరిగొచ్చినట్టే. ఇంతకన్నా ఘోరం, నాలుగు రోజులుగా అన్ని ఇళ్ళలో టీవీలు ఆపేసింది తనేనని తెలిస్తే రేపు మీటింగులో తాళం వెయ్యడంతో పాటు తననీ బయట పెడతారు.

ఇంటింటికీ వెళ్ళి తప్పు ఒప్పుకోవడమే దారి అనుకుని, ముందు కింది అంతస్తులో ఒక ఇంటికి వెళ్ళాడు. ఆటో సామాన్ల దుకాణం నడిపే నరసరాజు సోఫాలో కాళ్ళు మడుచుకుని క్రికెట్ చూస్తున్నాడు. టీవీ దద్దరిల్లిపోతోంది.

"నరసరాజుగారూ, మీ డిష్ సంగతి..."

"మా డిషా? ఫస్ట్‌క్లాస్ ఉన్నది సార్. ఒక్క నిమిషం సుత ఆగది."

యెషయా టీవీ వెనక్కి చూశాడు. వైరు డాబా వైపు పోవట్లేదు. పక్కనే కన్ను గీటుతున్న ఇంటర్నెట్ పెట్టెలోకి పోతోంది. అతను తలూపి బయటికొచ్చి మూడో అంతస్తు ఎక్కాడు. స్కూల్లో లెక్కలు చెప్పే కామాక్షి తలుపు తీసింది. డిష్ అన్న మాట వినగానే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అంకుల్, మా డిష్ జోలికి మాత్రం పోకండి. ముగ్గురు మెకానిక్‌లు వస్తే గాని ఆ యాంగిల్ కుదర్లే. జెర కదిలినా మాకు చానళ్ళు పోతయ్."

ఆమె వెనక హాల్లో టీవీకి లేసు గుడ్డ కప్పి ఉంది. దాని ముందు ఒక పూలకుండీ. కుండీకి ఆనించిన ఫోన్లో ఎవరో వంట చేస్తున్నారు.

"బాగా వస్తోందా అమ్మా టీవీ?"

"సూపర్‌గ వస్తుంది అంకుల్."

"చాలా సంతోషం," అన్నాడు యెషయా. నిజంగానే ఏదో సంతోషం మొదలైంది అతనికి, అదేమిటో ఇంకా తేలలేదు.

మూడో తలుపు తట్టలేదు. తన ఇంట్లోకి వచ్చి కూర్చుని, ఎదురుగా ఉన్న టీవీని చూశాడు. ప్రేమమణి ఆదివారం బైబిల్ వాక్యం వినేది అందులో. రిమోట్ అందుకుని నొక్కాడు. వెలగలేదు. వెనక మూత తీస్తే బ్యాటరీలు కారి తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. పైనున్న పదకొండింటిలో మొట్టమొదట తొడుగు తొడిగింది తన డిష్‌కే. నాలుగు రోజులు కాదు, రెండేళ్ళుగా అక్కడ ఏమీ రావట్లేదు, తనకీ తెలియలేదు. కామాక్షిని చూసి లోపల్లోపల నవ్వుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాడు. రిమోట్ తుడిచి, పక్కన పెట్టాడు.

ఆదివారం అయిదింటికి పార్కింగులో కుర్చీలు వేశారు. వేణుమాధవ్ బొప్పి ఎరుపు దిగి నేరేడుపండు రంగుకొచ్చింది. మాట మాత్రం న్యాయంగానే మాట్లాడాడు.

"నాది నుదురు కాబట్టి సరిపోయింది. రేపు ఎవరిదన్న కన్ను పోతే ఎవరు జవాబు చెప్తరు? రెండే రెండు దారులు. డిష్‌లు తియ్యాలె, లేకపోతే తాళం పెట్టాలె."

డిష్‌లు తియ్యడం అనగానే గోల మొదలైంది. కామాక్షి లేచి నిలబడి ముగ్గురు మెకానిక్‌ల కథ మొదటినుంచి చెప్పింది. డిష్ లేని ఇల్లు ఇల్లేనా అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"తాళమే మంచిగున్నది," అన్నాడు నరసరాజు. "అసలు పైకి ఎవరు పోతున్రు సార్?"

చాలామంది అవునన్నట్టు తలలాడించారు. వేణుమాధవ్ రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు. విజయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది. ఆమె నేలకేసి చూడడం యెషయా ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"నేను పోతాను పైకి," అన్నాడు. గొంతు మళ్ళీ పాత తలుపులా కిర్రుమంది. సవరించుకున్నాడు. "రోజూ పోతాను. కారణం చెప్పమంటే నాకు చెప్పడం చేతకాదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు, అందుకని పోతాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మంగళవారం నేను డిష్‌లకి తొడుగులు వేశాను, వాటిలో వెండి షీటు ఉంది. దాంతో సిగ్నల్ మొత్తం ఆగిపోతుందని నిన్న తెలిసింది. విజయమ్మగారిదొక్కటే తీశాను. మిగతావి అలాగే ఉన్నాయి. నన్ను క్షమించండి."

వేణుమాధవ్ పెన్ను కింద పెట్టాడు. "అంటే అమ్మ టీవీ ఆగింది మీ వల్లనా అంకుల్? నాలుగు రోజులు నన్ను తిట్టింది! నాకు అన్నం సుత సరిగ పెట్టలే!"

"నిన్ను తిట్టనీకి టీవీ ఒక సాకు బిడ్డా," అంది విజయమ్మ, తలెత్తుతూ. ఆమె కళ్ళలో వెలుగు వచ్చేసింది. "ఆగు, ఒక మాట అడగనియ్. కామాక్షీ, నిన్న టీవీల ఏం చూసినవ్ బిడ్డా?"

"నిన్ననా ఆంటీ... వార్తలు... వంటల ప్రోగ్రాం..."

"మంచిగొచ్చిందా?"

"బాగానే..." కామాక్షి చేతిలో ఫోను తనకు తెలియకుండానే వెనక్కి దాచుకుంది.

"నరసరాజూ, నువ్వు మ్యాచ్ చూసినవా?"

"మొత్తం చూసిన అమ్మా. ఆఖరి బాలు దాక."

"డిష్ మూతికి మంగళవారమే టోపీ పడె కదా, ఏడికెల్లి చూసినవ్ నాయనా? తేదీ రాసి పెట్టిండు మా తమ్మి, పోయి సదువుకో."

నరసరాజు తొడ చరుచుకుని అందరికన్నా ముందు తనే నవ్వాడు. "రెండేండ్లాయె అమ్మా దాన్ని ముట్టుకోక! మా పిల్లలు నెట్టు పెట్టిచ్చిన్రు. డిష్ నడుస్తనే ఉన్నదనుకుంటున్న నేను!"

ఆ నవ్వు వరస అంతా పాకింది. ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు, తప్పు ఒప్పుకున్న పిల్లల్లా. ఒకరిది మూడేళ్ళు, ఒకరిది కరోనా అప్పటినుంచి. కామాక్షి ఆఖరున ఎత్తింది, ఆ యాంగిల్ మాత్రం నిజంగా చాలా కష్టపడి కుదిర్చారని గొణుగుతూ.

"నాది కూడా రెండేళ్ళే," అన్నాడు యెషయా. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. నరసరాజు తన పక్క కుర్చీ కాస్త జరిపాడు, కూర్చోమన్నట్టు.

వేణుమాధవ్ రిజిస్టరులో అప్పటికే రాసిన ఒక లైను కొట్టేశాడు. ఎవరూ చూడని పదీ తీసేద్దామని, తల్లి చూసే ఒక్కదాన్నీ నడిచే దారిలోంచి టాంకు పక్కకి జరుపుదామని రాసుకున్నాడు. తాళం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే వాళ్ళమ్మ వంటింట్లో ఏం జరుగుతుందో అతనికి నాలుగు రోజుల అనుభవం ఉంది.

సోమవారం నరసరాజు దుకాణం నుంచి పానాలు తెచ్చి ఒక్కోటీ విప్పాడు. తుప్పు పట్టిన బోల్టులు కీచుమన్నాయి. యెషయా డిష్ దగ్గరికి వచ్చి ఆగి, అతని మొహంలోకి చూశాడు.

"ఇది ఉంచమంటవా అన్నా?"

యెషయా చెయ్యి చాపి, "వద్దండీ, నేనే విప్పుతాను," అన్నాడు. పానా అందుకుని నాలుగు బోల్టులూ తనే తీశాడు. గిన్నె అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది.

అయిదింటికి విజయమ్మ పైకొచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. డాబా రెండింతలయినట్టుంది. తూర్పు పిట్టగోడ మీద వరసగా ఉన్న గిన్నెలు పోయేసరికి, ఎదర రెండు బిల్డింగుల సందులోంచి మౌలాలి గుట్ట, గుట్ట మీద తెల్లగా మెరుస్తున్న దర్గా కనిపిస్తున్నాయి.

"గీ గుట్ట గిన్ని దినాలు యాడ దాచిపెట్టిన్రు?" అంది. "తమ్మీ, నా కుర్సీ గిటు తిప్పు. గట్ల కాదు, జెర ఎడమకు. ఎడమంటే గది కాదయ్యా!"

యెషయా కుర్చీని మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి ఆమెకి నచ్చింది. అంతలో వేణుమాధవ్ మెట్లెక్కి వచ్చాడు, చేతిలో ఫోను లేకుండా. తల్లిని కిందికి రమ్మని పిలవడానికే వచ్చినట్టున్నాడు. గుట్టని చూసి ఆ మాట మర్చిపోయాడు.

"నిలబడ్డవేంది? కూసో," అంది విజయమ్మ.

కూర్చోవడానికి టాంకు గట్టు ఒక్కటే ఉంది. యెషయా కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.